ఒక్క మీట కెమెరా

మాది కొట్టు కుటుంబం, కొసరు లేనిదే కొత్తిమీర కట్టైనా కొనం. అందుకే రాజమండ్రిలో అదే ధరకి మీటలూ చక్రాలూ ఎక్కువున్న కెమెరా ఏరి కొని, గెలిచేశానన్న ఊపులో మండపేట బస్సెక్కాను.

మా ఆవిడ ఒళ్లో పాప కిలకిలా నవ్వింది. మొట్టమొదటి పన్ను తళుక్కుమంది! నేనింకా చక్రాలు తిప్పుతూనే ఉన్నాను. పక్క సీటావిడ సంచిలోంచి చిన్న కెమెరా తీసి టక్కున నొక్కేసింది.

“మీరలా తిప్పుతూ కూర్చుంటే పిల్లకి పళ్లన్నీ వచ్చేస్తాయండీ! అడ్రసు చెప్పండి, ఫొటో కడిగించి పంపిస్తాను.”

బస్సంతా నవ్వింది. నేను అడ్రసు చెప్పి, పెళ్లాంబిడ్డలతో తర్వాతి స్టాపులోనే దిగిపోయి, వెనక్కి కెమెరా కొట్టుకే పరుగెత్తాను.

“ఇది తీసుకుని ఒక్కటే మీటున్నది ఇవ్వండి బాబూ!”

రీలు ఎక్కించగానే పాప ఆవులించింది. టక్కున నొక్కేశాను!