పల్లీల వాసన

వనపర్తి కాలేజీ ముందు ఇసుకలో పల్లీలు వేయించే ఈశ్వరమ్మకు శుక్లాలు ముదిరి చూపు మసకబారింది. కూతురు ఇంట్లో కూర్చోమంది.

"పల్లీలు వేగినయని కండ్లు చెప్తయా? ముక్కు చెప్తది," అని ఈశ్వరమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది.

ఒకరోజు కెమిస్ట్రీ మేడం సుష్మ విద్యార్థులను అక్కడికే తీసుకొచ్చింది.

"వేడికి పల్లీలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి అమైనోకీటోన్లు పుడతాయి. ఒకే అణువులో కీటోనూ అమీనూ ఉండటంతో అవి ఒంటరిగా నిలవవు. రెండేసి జతకట్టి, చివరికి పైరజీన్లవుతాయి. ఈ కమ్మటి వాసన ఎక్కువగా వాటిదే," అని వివరించింది.

ఈశ్వరమ్మ గరిటె ఆపలేదు.

"గవన్ని నాకు తెల్వదు మేడం. జర దూరం జరుగుండ్రి. మీ సెంట్లకు నా పల్లీల వాసన తెలుస్తలేదు."

సుష్మ నలభై మందినీ రోడ్డు అవతలికి నడిపించి, మిగతా పాఠం అక్కడి నుంచి గట్టిగా చెప్పింది.