కబ్ద్ తోటలో తీతువు పిట్ట

ఆ రోజుల్లో నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. డైరీలో మాత్రం పేజీలకు పేజీలు వాగేదాన్ని. ఆ డైరీకి కూడా చెప్పని సంగతి ఒకటుంది: ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన 1990 ఆగస్టులో, ప్రాణాలు అరచేత పట్టుకుని, నేనొక పిట్ట ఫొటో తీశాను.

పట్నంలో కాల్పులు మొదలవగానే మా బాబా (మేం పనికి కుదిరిన ఇంటి యజమానిని అలాగే పిలిచేవాళ్ళం) అందరినీ ఊరవతల ఎడారిలో, కబ్ద్‌లోని తన తోటకు తరలించాడు. బియ్యం మూటలతో పాటు మోచేతి పొడవు లెన్సున్న కెమెరా కూడా తెచ్చుకున్నాడు. ఆయనకు పిట్టల పిచ్చి. రోడ్డు మీద సైనికుల చెక్‌పోస్టు. కెమెరా దొరికితే గూఢచారులని కాల్చేస్తున్నారని చెప్పుకునేవారు. దాన్ని ఇసుకలో పూడ్చిపెట్టమని మామా (ఆయన భార్య) ఏడ్చేది. బాబా సరేనని తలూపి మంచం కింద పెట్టుకునేవాడు.

ఒక పొద్దున నీళ్ళ తొట్టి దగ్గర, కంటి ముందు ఎర్రటి తోలు ముక్కతో, పసుపుపచ్చ కాళ్ళతో తీతువు పిట్ట దిగింది. మా కడప చేలల్లో అవి బోలెడు. ఆ దేశంలో చాలా అరుదట, బాబా మంచం కింది కెమెరా బయటికి తీశాడు. కానీ ఆయన భారీ ఆకారం, తెల్ల అంగీ కనబడగానే అది లేచిపోయేది. మేకలకు గడ్డి కోసే నన్ను చూసి మాత్రం బెదిరేది కాదు. "నువ్వే తియ్యి, బింతీ (నా బిడ్డా అని అర్థం)," అంటూ కెమెరా నా చేతిలో పెట్టాడు.

గడ్డిలో బోర్లా పడుకుని గురి చూస్తుండగా పిట్ట అరిచింది. అంతే, మా వంటాయన (కోనసీమ మనిషి, చిన్నాయనా అని పిలిచేదాన్ని) పళ్ళెం, గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చి వాయించడం మొదలుపెట్టాడు.

"పోవే, పో! చచ్చేవోళ్ళు చాలట్లేదనా, నువ్వు కూడా వచ్చావేంటే!"

"గమ్మునుండు చిన్నాయనా!" (బుద్ధెరిగాక నేను వేసిన మొదటి కేక అదే.)

"నీకు తెల్దు పిల్లా, తీతువు కూసిందంటే ఇంటికి కీడేనమ్మా!"

నేను బటన్ నొక్కాను. ఆ మోతకు పిట్టా ఎగిరింది, చెక్‌పోస్టు నుంచి జీపూ బయలుదేరింది.

కెమెరాను గడ్డి మోపులో చుట్టి నెత్తిన పెట్టుకుని, సైనికుల పక్కనుంచే మేకల కొట్టంవైపు నడిచాను. ఒకడు ఏదో అడిగాడు. సిగ్గుతో తల దించేసుకున్నాను. (నా సిగ్గు నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.) అతను వదిలేశాడు. ఆ మోతేమిటని వాళ్ళు నిలదీస్తే, అరబ్బీ సరిగా రాని చిన్నాయన చేతుల్ని రెక్కల్లా ఆడించి, తీతువులా కూసి, నాలుక బయటపెట్టి చచ్చినట్టు పడిపోయాడు. సైనికులు పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే రెండు మేకల్ని, బాబాని జీపెక్కించారు. కువైటీ మగవాళ్ళని అలా ఊరికే పట్టుకుపోతున్న రోజులవి.

ఆయన తిరిగి రాలేదు. కొప్పులో దాచి తెచ్చిన ఫిల్మును కడపలో కడిగిస్తే, పిట్ట తోక మాత్రమే పడింది. వెనక గరిటె ఎత్తిన చిన్నాయన పెళ్ళికొడుకులా నిలువెత్తున ఉన్నాడు. అది చూసినప్పుడల్లా, గడ్డిలో ఒక కన్ను మూసుకుని పడుకున్న ఆనాటి నేను గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ నవ్వు ఎంతోసేపు ఉండదు.

ఆ రోజు జీపు కదులుతుంటే చిన్నాయన నేలమీద కూలబడి ఏడుస్తున్నాడు. బాబా అతన్ని ఒక్క మాట అనలేదు. చుట్టూ తుపాకులే లేనట్టు, నావైపు తిరిగి మామూలు గొంతుతో అన్నాడు:

"పొద్దున్నే తొట్టి నింపు, బింతీ. దాహమైతే అదే మళ్ళీ వస్తుంది."