మామగారి గొడుగు, వయొలిన్ మీద

రైలు నదిలో పడిన రోజు పొద్దున రేడియోలో మామగారి గొడుగు ఎగురుతోంది. పాట సగంలో ఉండగా స్టేషన్ డైరెక్టరు కంట్రోల్ రూములోకి దూసుకొచ్చి, గాజు అవతల నిలబడి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. పొద్దు పిన్ని పాట ఆపింది. వంతెన కూలిందని, బండి బండంతా నీళ్ళలో ఉందని ఆయన చెప్పాక, ఆపించినందుకు ఆమె ఆయన్ని తప్పు పట్టలేదు. ఆ పూట ఏ పాటా ఎవరికీ అక్కర్లేదు. ఆమెకు ఒళ్ళు మండించింది ఆ తర్వాత జరిగిన తతంగం.

పొద్దు పిన్ని అన్నది శ్రోతలు పెట్టిన పేరు. ఆమె రేడియోలో చేరింది కూరగాయల ధరలు చదవడానికి. పొద్దుటి పాటలు వేసే ఆయనకు ఒకరోజు గొంతు పట్టేస్తే, వేరే దిక్కులేక ఆమెను మైకు ముందు కూర్చోబెట్టారు. ఉల్లిపాయల ధర చెప్పినట్టే పాటల పేర్లు చెప్పింది, సాగదీయకుండా, ముద్దులొలికించకుండా. జనానికి అదే నచ్చింది. గొంతు పట్టేసినాయన మళ్ళీ ఆ కుర్చీ మొహం చూడలేదు. అప్పటినుంచి బస్సు డిపోలో, రొట్టెల బట్టీల్లో, ఆసుపత్రి వంటగదిలో ఆమె గంటే మొదటి గంట. మనిషి పొద్దున్నే మంచం దిగడమే పెద్ద పని, దానికి కాస్త హుషారైన పాట ఆసరా కావాలి, తత్వం సాయంత్రం చూసుకోవచ్చు అన్నది ఆమె సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి తలమానికం మామగారి గొడుగు. గాలికి ఎగిరిపోయిన గొడుగు వెనక ఓ బట్టతల మామగారు వీధులన్నీ తిరిగే పాట అది. అందులో అంతకు మించి ఏమీ లేదు. ఆ గంట చివరి పాటగా అదే వేసేది.

పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడింట్లో మేడ మీది గది ఆమెది. కింద వీధి వైపు గదిలో తమ్ముడి భార్య బట్టలు కుడుతుంది. కోడి కన్నా ముందు లేచే ఆడదానికి మొగుడెక్కడ దొరుకుతాడు వదినా అని ఆ మరదలు ఇప్పటికీ ఏడిపిస్తుంది. దొరికినా, నేను లేచాక కూడా వాడు పడుకునే ఉండేవాడు, ఇంక తేడా ఏముంది అని ఈమె జవాబు.

ఇంక తతంగం సంగతి. స్టేషన్‌లో పాటలన్నీ కంప్యూటరులో ఉంటాయి. ఒక్కో పాటకూ ఒక రంగు తగిలించి ఉంటుంది: పసుపు అయితే సంతోషం, నీలం అయితే విషాదం. ఈ రంగులు వేసిన మహానుభావులు పాటలు వినలేదు. పాట నడక వేగం చూసి వేశారు. గబగబా నడిస్తే సంతోషం, మెల్లగా నడిస్తే విషాదం. మామూలు రోజుల్లో ఆ రంగుల జోలికి ఎవరూ వెళ్ళరు కాబట్టి అది ఎవరికీ పట్టలేదు. సంతాపం మొదలైన మర్నాడు డైరెక్టరు పసుపు పాటలన్నిటికీ తాళం వేయించి, నీలం పాటలు వాటంతటవే వచ్చేలా పెట్టించి, చేతులు దులుపుకున్నాడు. దానితో మృతుల సంఖ్య చెప్పిన వార్తల వెనకే, కొత్త పెళ్ళికూతురు దీపం తగ్గించమని మొగుణ్ణి గోముగా అడిగే పాట వచ్చింది. చాలా మెల్లటి పాట. అందుకే అది కంప్యూటరు లెక్కలో ఘోర విషాదం. అదే సమయంలో, కొడుకు పోయిన తల్లి గుండెలు బాదుకునే జానపదం ఒకటి, డప్పు వేగంగా ఉన్న పాపానికి, పసుపులో పడి తాళం లోపలే ఉండిపోయింది.

ఫోన్లు మోగాయి. డైరెక్టరు బెదిరిపోయాడు. అసలు మాటలు ఉంటేనే కదా గొడవ అని, ఇంకనుంచి మాటలున్న పాట ఏదీ వద్దు, వాద్యమే వేయండి అన్నాడు. స్టేషన్‌లో ఉన్నది ఒక్క వయొలిన్ ఆల్బమ్. హోటళ్ళలో జనం తింటున్నప్పుడు వెనకాల మోగడానికని ఎవరో వాయించి ఇచ్చినది. అందులో ఉన్నవన్నీ జనం నోళ్ళలో నానిన హుషారు పాటలే, తిన్నది అరగడానికన్నట్టు మెల్లగా సాగదీసి వాయించినవి. మూడోది మామగారి గొడుగు.

"సార్, ఇది గొడుగు పాట" అని ఆమె చెప్పింది.

"మాటలు లేవు కదమ్మా" అన్నాడు డైరెక్టరు.

"మాటలు వినేవాళ్ళ దగ్గర ఉన్నాయి సార్."

అయితే పాట పేరు చెప్పవద్దు, వాద్య సంగీతం వింటున్నారు అని మాత్రం చెప్పండి అన్నాడు. అలా దేశం దుఃఖించడం మొదలుపెట్టింది. మధ్యలో ప్రకటనలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. సబ్బు నురగలో పాప కిలకిలా నవ్వుతూనే ఉంది, బిస్కెట్ల కోసం పిల్లలు గంతులేస్తూనే ఉన్నారు. వాటికి ముందే ఒప్పందం అయిపోయిందట. ఆ నవ్వు అయిపోగానే మళ్ళీ వయొలిన్.

మొదట్లో ఆమె కూడా ఏడ్చింది. ఇంటి ఎదురు దుకాణంలో తాళాలు బాగుచేసే ఆయన భార్య ఆ బండిలోనే ఉంది. రోజూ పలకరించే మనిషి. కానీ ఏడుపు ఒకటి, సంతాపం పాటించడం ఇంకొకటి అన్నది ఆమెకు రోజులు గడిచేకొద్దీ తేటతెల్లమైంది. నదిలోంచి బోగీలు తీశారు. విచారణ సంఘం వేశారు. సంఘం సభ్యులు విందు చేసుకుంటున్న ఫొటో కూడా పేపర్లో పడింది. రేడియోలో మాత్రం దుఃఖం దిగలేదు. హుషారు పాటలు ఎప్పుడు మొదలుపెడదామని అడిగితే, పైనుంచి మాట రావాలి అన్నాడు డైరెక్టరు. ఆపమని పైనుంచి మాట వచ్చిందా అంటే, అదీ లేదు. పైవాళ్ళు ఫోనులో అన్నది ఒక్కటే మాట, సందర్భోచితంగా ఉండండి అని. దాన్ని తెచ్చి నెత్తిన పెట్టుకున్నది ఈయన. పోనీ పక్క స్టేషన్ వాళ్ళు మొదలుపెడితే మనమూ పెడదాం అన్నాడు. పక్క స్టేషన్‌లో ఉన్న పాత స్నేహితురాలికి ఫోన్ చేస్తే, మా డైరెక్టరు మీవైపు చూస్తున్నాడే, మీరు మొదలుపెడితే మేమూ పెడతాం అంది.

ఆ నెలాఖరుకు ఆమె ఉద్యోగం అయిపోతుంది. శాలువాలు, ఉపన్యాసాలు ఆమెకు అక్కర్లేదు. తన ఆఖరి పొద్దు తనదిగా ఉండాలి, గొడుగు ఎగరాలి, అంతే. ఇన్నేళ్ళు పాటల పేర్లు చెప్పిన నోటితో చివరి రోజున వాద్య సంగీతం వింటున్నారు అని చెప్పి లేచి రావడమంటే ఆమెకు కడుపు రగిలిపోయేది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ సరేననడం లేదు. దేశం మొత్తం మీద నవ్వడానికి మొదట నోరు తెరిచేవాడు కరువయ్యాడు.

ఒక సాయంత్రం తాళాలాయన మరదలి దగ్గరికి ఉన్ని కోటు పట్టుకొచ్చాడు. భార్యది. కూతురికి సరిపోయేలా కుట్టి ఇస్తారా అని అడిగాడు. మరదలు టేపు తీసి కోటు భుజాలు కొలిచింది. పొద్దు పిన్ని పక్కనే గుండీల డబ్బా ముందు కూర్చుని ఉంది. చావు కబురు వచ్చిన రోజున వాళ్ళింటికి వెళ్ళి కూడా నోరు పెగలక తిరిగొచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు ఆయనే అందుకున్నాడు.

"ఆ వయొలిన్ మీరేనా వేస్తున్నది?"

"నేనే. వేయమన్నారు, వేస్తున్నాను."

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. వచ్చిన చుట్టాలందరూ తలలు దించుకుని వింటారు. నాకు లోపల గొడుగు ఎగురుతుంది. మామగారి గుండు కనబడుతుంది. పెదవులు వాటంతటవే కదులుతాయి. అది చూసి మా బావమరిది నేనేదో ప్రార్థన చేసుకుంటున్నాననుకుని కళ్ళు తుడుచుకున్నాడు."

మరదలికి నవ్వాగలేదు. కోటులో మొహం దాచుకుంది. తాళాలాయన ఏమీ నొచ్చుకోలేదు.

"ఏడవాల్సింది మేం ఏడుస్తున్నాం. మీకు చేతనైతే పాట వేయండి, లేదంటే ఊరుకోండి. ఇలా సగం సగం మాత్రం వద్దు."

ఆయన వెళ్ళిపోయాక మరదలు, "విన్నావుగా వదినా. మీ డైరెక్టరుకి కూడా కొలతలు తీసి ఏదైనా కుట్టమంటావా, నోటికి?" అంది.

ఆఖరి రోజు పొద్దున డైరెక్టరు వీడ్కోలు చెప్పడానికని పెందలాడే వచ్చాడు. అప్పటికే ఆమె గొడుగు పాటకు వేసిన తాళం ఇంజనీరు చేత తీయించి సిద్ధంగా పెట్టుకుంది. ఆయన తెర మీద పసుపు రంగు చూసి కంగారుపడ్డాడు. ఇంత కాలం ఓపిక పట్టి చివరి రోజున ఇదేమిటమ్మా అన్నాడు. ఆమె అరవలేదు. కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది.

"అయితే దేశం ఇంకా దుఃఖంలోనే ఉందని ఒక ముక్క రాసి సంతకం పెట్టివ్వండి సార్."

"నేనెలా రాసిస్తాను? దుఃఖం నా చేతిలో ఉందా?"

"పోనీ అయిపోయిందని రాసివ్వండి."

"అది అసలే రాయకూడదు."

"ఆపమనీ కాగితం లేదు, వేయమనీ లేదు. మరి ఇన్నాళ్ళూ నేను ఎవరి మాట విన్నట్టు?"

డైరెక్టరు చెడ్డవాడు కాదు. ఆయన బాధల్లా తాను గదిలో ఉండగా ఏదీ జరగకూడదన్నదే. గోడ గడియారం చూశాడు, ఇంజనీరును చూశాడు, జేబులు తడుముకున్నాడు. నేను టీకి వెళ్ళొస్తాను అన్నాడు. ఆయన ఎన్నడూ టీకి బయటకు వెళ్ళి ఎరగడు, గదికే తెప్పించుకుంటాడు. ఆయన బూట్ల చప్పుడు మెట్లు దిగేదాకా ఆగి, ఆమె మైకు తెరిచింది.

"ఇన్నాళ్ళూ మీరు విన్న వయొలిన్ ఈ పాటదే. మీకూ తెలుసు, నాకూ తెలుసు. మామగారి గొడుగు."

గొడుగు ఎగిరింది. గాజు అవతల ఇంజనీరు బల్ల మీద వేళ్ళతో దరువు వేశాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. వార్తల వేళ అవుతుండగా, ఎప్పటిలాగే చివరలో పాట తగ్గించి, సెలవు అని ఒక్క మాట అని, లేచింది. ఫోన్లు వచ్చాయి. డిపోలోంచి ఒకాయన, బతికించారు పిన్నిగారూ అని పెట్టేశాడు. ఒకావిడ మాత్రం మనసు లేదా మీకు అని తిట్టింది. పిన్ని ఆవిడ మాటలు చివరిదాకా విని, మీరు బాధపడుతుంటే మీ రేడియో కట్టేసుకోండమ్మా, అందరి రేడియోలూ నేను కట్టేయలేను అని చెప్పింది. మధ్యాహ్నానికి పక్క స్టేషన్‌లోనూ హుషారు పాట మోగింది. వీడ్కోలు సభలో డైరెక్టరు, ప్రజలను మామూలు జీవితంలోకి తీసుకురావడంలో మన స్టేషన్ ముందడుగు వేసిందని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆమె తల కొట్టుకోవడానికి చేతిలో పూలగుత్తి అడ్డమొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి తాళాలాయన కోటు కోసం బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మరదలు చివరి గుండీ కుడుతోంది.

"ఇవాళ గొడుగు వేశారు" అన్నాడు.

"వేశాను."

"మూడో చరణం కోసేశారు."

"వార్తల వేళైంది."

"రోజూ అంతేగా. మా ఆవిడ మిమ్మల్ని రోజూ తిట్టేది. ఆ చరణం కోసమే మిగతా పాటంతా వినేది. ఒక్కరోజైనా కాస్త ముందు మొదలుపెడితే మీ సొమ్మేం పోయేది?"

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు చెబితే చేతిలో మైకు లేదు. ఆమెకు ఆయన మీద, వార్తల మీద, పోయిన మనిషి మీద కూడా కోపం వచ్చింది. వీధి దాటి వచ్చి అడిగితే వేసేది కదా. పూలగుత్తి మిషన్ మీద పడేసి, గొడుగు తిరగబడి వాన నీళ్ళు నిండితే పిచ్చుకలు స్నానం చేస్తాయి, అదేగా మూడో చరణం అంది. కాదు, పిచ్చుకలు రెండోదాంట్లో అన్నాడాయన. వేల సార్లు వేసిన పాట నాకు చెబుతున్నారా అంది. కోసేసి వేశారుగా, మీకెలా తెలుస్తుంది అన్నాడు.

మరదలు దారం పళ్ళతో తెంపింది.

"ఇద్దరూ పాడండి వదినా, పిచ్చుకలు ఎప్పుడొస్తాయో నేను చెబుతాను."

ఆమెది ధరలు చదివే గొంతు. ఆయనకు శ్రుతి అంటే ఏమిటో తెలియదు. కోటు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని, ఆయన పల్లవి అందుకున్నాడు.