దారి చెప్పే సారు

మా ఉర్దూ సారు పోయారన్న కబురు, నాగర్‌కర్నూల్‌లో పత్రిక పని మీద ఉండగా అందింది. దొరికిన బస్సు పట్టుకుని వనపర్తి చేరేసరికి జనాజా లేవబోతోంది. నేనూ భుజం పట్టాను.

బడికి సెలవులు రాగానే సారు నడకకు బయలుదేరేవారు. కృష్ణా నదిలో పుట్టి పడవ ఎక్కి గద్వాల, అక్కడి నుంచి మల్దకల్. లేదంటే ఇటు ఖిల్లా ఘణపూర్ కోట మీదికి. చదువుకునే రోజుల్లో నేనూ వెంట వెళ్లేవాణ్ణి. నడుస్తున్నంతసేపూ మాట్లాడనిచ్చేవారు కాదు. మాటలన్నీ ఇల్లు చేరాకే. ఆయన బేగం పరదా పాటించే మనిషి, వనపర్తి బజారు కూడా చూడలేదు. సారు కాళ్లు కడుక్కుని, పరదా ఇవతల కూర్చుని, దారంతా ఆమెకు చెప్పేవారు. తర్వాత నా వంతు.

మొదటిసారి నేను, "కృష్ణ మస్తుగున్నదమ్మా" అన్నాను.

పరదా వెనక నవ్వు. "ఉంటే నాకేంది బేటా? పుట్టిల ఎవరెవరు కూసున్నరు? గది చెప్పు."

"ఒక ముసలామె. మేకపిల్ల."

"భయపడ్డది మేకపిల్లనా, ముసలామెనా?"

నాకు తెలియదు. సారు నా వైపు తిరిగి, "మంచిగున్నదని చెప్పకురా. ఏమున్నదో చెప్పు. మంచిదో కాదో ఆమె చూస్కుంటది" అన్నారు.

పత్రికలో నేను ఈనాటికీ రాసేది ఆ పద్ధతిలోనే. ఎవరైనా మెచ్చుకుంటే అది నా సొంతమే అన్నట్టు ఊరుకుంటూ వచ్చాను.

ఖననం ముగిశాక సారు ఇంటికి వెళ్లాను. పరదా వెనక నుంచి పిలిచారామె.

"బేటా, సారును ఏ దారిన తీస్కపోయిండ్రు? జర చెప్పు. మా పోరగాండ్లను అడిగితే ఏడుస్తుండ్రు. నువ్వైతే ఆయన తాన నేర్చినోనివి."

"బజారు మీదికెల్లే అమ్మా..." అని ఆగిపోయాను. మరొకరికి భుజం మార్చాక, దారి పొడవునా ఒక వకీలుకు పత్రికలో వస్తున్న యుద్ధం కబుర్లు చెబుతూ నడిచాను. ఆయన అడిగాడు, నేను హుషారుగా చెప్పాను. దారిలో ఏమున్నదో ఒక్కటీ గుర్తు లేదు.

ఆమె, "పోనీ తియ్యి బేటా. దుఃఖంల ఏం కనవడుతది" అన్నారు.

తల ఎత్తలేకపోయాను. "జర ఆగమ్మా, మళ్ల వస్త" అని లేచి, అదే దారిన ఒక్కణ్ణే నడిచాను.

బజారు దాటాక దారిలో సగం మేర జొన్నలు ఆరబోసి ఉన్నాయి. ఒక అవ్వ వాటిని సర్దుతోంది. సారును ఇటే తీసుకుపోయారా అని అడిగాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు.

"ఆఁ, గిట్లనే పోయిండ్రు. గంత బరువు మోస్కుంట గూడ పక్కకు జరిగి నడిసిండ్రు బిడ్డా, ఒక్క గింజ తొక్కలే. ఎనకకెల్లి ఒకడొచ్చిండు, వకీలుతోని ముచ్చట వెట్టుకుంట. నడుమల్నుంచే పోయిండు. కండ్లు నెత్తికెక్కినయేమో!"

దుమ్ములో చెప్పుల గుర్తులు, వట్టి పాదాల గుర్తులు జొన్నల అంచు వెంబడి వంపు తిరిగి ఉన్నాయి. జొన్నల నడుమ మాత్రం నా బూట్లు వేసిన బాట, తిన్నగా. అవ్వ వేళ్లతో గింజలు జరుపుతూ, ఒక్కో అడుగునూ పూడుస్తోంది.