బస్టాప్‌లో వేప్

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఒక ఫిజీ అంకుల్ స్ట్రెచర్లు తోసేవారు. ఫిజీకి వలస వెళ్లిన తాతల నుంచి వచ్చిన తెలుగు ఆయనది, మాటలు వెతుక్కుంటూ మాట్లాడేవారు. సిగరెట్ మానడానికి డాక్టర్ రాసిచ్చిన వేప్, అంటే ఆవిరి పీల్చే ఈ-సిగరెట్, వాడేవారు. సాయంత్రం ఇద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్లం.

వాన పడుతున్నా ఆయన బస్టాప్ కప్పు కింద వేప్ తీసేవారు కాదు. దూరంగా వెళ్లి పీల్చి వచ్చేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు తడుస్తారు అంకుల్? ఉత్త ఆవిరే కదా, ఇక్కడే కానివ్వండి."

"ఏదైతేనేమ్మా, నా నోట్లోది నీ ముక్కులోకి ఎందుకు?"

ఒకరోజు కుండపోత. బస్టాప్‌లో చంటిబిడ్డతో ఒక తల్లి కూర్చుని ఉంది. పక్కనే బురద బూట్లతో ఒక భారీ మనిషి గుప్పుగుప్పున వేప్ వదులుతున్నాడు. ఆమె బిడ్డ ముఖానికి తువ్వాలు అడ్డుపెట్టింది. నాకు ఒళ్లు మండింది.

అంకుల్ లేచి, తన వేప్ అతనికి చూపించి గొడుగు విప్పారు.

"నేనూ బయటికే వెళ్తున్నా. రా, ఇద్దరికీ సరిపోతుంది" అన్నారు ఇంగ్లీషులో.

అతను బిడ్డ వంక చూశాడు. "సారీ" అని గొణిగి ఆయన వెంట నడిచాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరూ వానలో ఒకే గొడుగు కింద కబుర్లు చెప్పుకున్నారు. నేనైతే జన్మలో అలా చేయలేను.

"మీరు తిడతారనుకున్నాను అంకుల్" అన్నాను బస్సెక్కాక.

తడిసిన భుజం తుడుచుకుంటూ నవ్వారు. "తిడితే దూరం జరిగేవాడేమో. చేపలు ఎక్కడ బాగా పడతాయో మాత్రం చెప్పేవాడు కాదు కదమ్మా!"