గోడ మీది ఎర్రగుడ్డ

ఉప్పెన వచ్చి ఏడాది దాటిన చలికాలంలో మా బావా నేనూ రెండు సైకిళ్ళ మీద బందరు నుంచి పాలకాయతిప్ప దాకా వెళ్ళాం. ఈ మాట ఇంట్లో ఎప్పుడు కదిలినా పిల్లలు నవ్వుతారు. మా బావ సైకిలుతో సహా బురదలో కూర్చుండిపోయిన సంగతీ, రేవులో పడవ ఎక్కుతూ ఒక చెప్పు కృష్ణకి సమర్పించుకున్న సంగతీ నేను అభినయించి చెబుతాను కదా, అందుకు. అక్కడితో ఆపేస్తాను. ఆపేసిన చోటు నుంచి ఇప్పుడు రాస్తున్నాను.

మా అక్కయ్యని ఇచ్చిన బావ గుడివాడలో టైలరు. ఆయనకి పాత గోడల పిచ్చి. శిథిలంగా ఏది కనిపించినా దిగి, చేత్తో తడిమి, ఇటుక కొలిచి గాని కదలడు. నాకు బందరులో సైకిళ్ళు బాగుచేసే కొట్టు. ఐదో తరగతితో బడి మానేశాను గాని, చక్రం తిరిగే చప్పుడు వింటే జబ్బేమిటో చెప్పేసేవాణ్ణి. ఆ గర్వం నాకు బాగా ఉండేది.

మొదటి రోజు బందరు కోట, డచ్చివాళ్ళ సమాధులు చూపించాను. కోట గోడ దగ్గర బావ నిలబడిపోయాడు.

"చూడరా, ఇంత సన్నటి ఇటుక, ఉప్పుగాలికి ఎన్నేళ్ళు నిలబడిందో! మీ నాన్న కట్టించిన ప్రహరీ మూడు వానలకి పడుకుంది."

"మా నాన్న దాన్ని కట్టించింది వానకి కాదు బావా, అల్లుళ్ళు దూకకుండా."

"ఇక దూకేదేముందిరా, దర్జాగా దాటుకుంటూ వస్తున్నాంగా!"

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరి, రేవు దాటి దివిసీమలో పడ్డాం. అక్కడి నుంచి నవ్వులు తగ్గాయి. తాడిచెట్లు మొదలంటా విరిగి పడున్నాయి. పడనివి తలల్లేకుండా ఉన్నాయి. తుమ్మచెట్ల మీదా మడచెట్ల మీదా ఉప్పెనకి కొట్టుకొచ్చిన బట్టలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. చీరలో, పంచెలో, పసిపిల్లల గౌన్లో, ఎండకి రంగు పోయి చెప్పలేం. తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదనుకుంటాను.

పాలకాయతిప్ప ఇంకో గంట ప్రయాణం ఉందనగా దారి అనేది లేకుండా పోయింది. కాలవలు, బురద, ఎండిన గవ్వల మేటలు. ఆ మేటల మీద నా వెనక టైరు జానెడు పొడుగున చీలింది. ట్యూబు బుడగలా బయటికి వచ్చేసింది. ట్యూబుకి పంక్చరు వెయ్యడం ఎంతసేపు! చీలిన టైరుకి మాత్రం లోపల గుడ్డ మడతపెట్టి బిగించాలి, లేకపోతే ఎన్ని పంక్చర్లు వేసినా నిలవదు. మా దగ్గరున్న తువ్వాళ్ళు రెండూ నీళ్ళ కుండకీ అటుకుల మూటకీ చుట్టి ఉన్నాయి.

ఎదురుగా ఒక మొండిగోడ ఉంది. తెల్లదొరల కాలంలో పడవల దగ్గర సుంకం వసూలు చేసుకున్న బంగ్లాట. బావ అప్పటికే దాని ఇటుకలు కొలుస్తున్నాడు. గోడ నెత్తిన, సందులో దిగ్గొట్టిన వెదురుబద్దకి ఎర్రగుడ్డ ఒకటి రెపరెపలాడుతోంది. ఎక్కాను.

"వద్దురా, ఎవరిదో ఏమో," అన్నాడు బావ కింద నుంచి.

"ఉప్పెన గుడ్డ బావా. ఉన్నవాళ్ళది కాదు, పోయినవాళ్ళది."

ముడి ఎంతకీ రాలేదు. గోళ్ళు విరిగాయి. చివరికి పళ్ళతో పీకి విప్పాను. గుడ్డ నాలుగు మడతలు పెట్టి టైరులో దూర్చి, గాలి కొట్టి, బావని చూసి కాలరెగరేశాను కూడా. ఉప్పెన గుడ్డని చెట్టుకి చుడుతుంది గాని ముడి వెయ్యదని నాకు తెలియదా? తెలుసు. పళ్ళు నొప్పి పుట్టినప్పుడే తెలుసు. పని జరగాలి కాబట్టి ఆ ఆలోచనని ముందుకు రానివ్వలేదు.

కాలవలన్నీ చుట్టుకుని తిరిగి, మధ్యాహ్నం దాటాక బెస్తవాళ్ళ గుడిసెలు పది పన్నెండు కనిపించాయి. మొదటి గుడిసె ముందు ఒక ముసలావిడ కాళ్ళు చాపుకుని వల బాగుచేస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఆపకుండానే పలకరించింది.

"బందరు నుంచి తొక్కుకుంటా వచ్చారా! ఏం పని మీద నాయనా?"

"పాత గోడలు చూద్దామనండీ," అన్నాడు బావ.

"బాగుంది సంబడం! ఉప్పెనకి మాకు గోడన్నది మిగల్లేదు, మీకు సూడ్డానికి దొరికినాయా?"

మేం సిగ్గుపడేలోపే ఆవిడే నవ్వి, లోపలికి పిలిచి, మెత్తళ్ళ చేపల ఇగురూ అన్నమూ పెట్టింది. తింటున్నంతసేపూ వల కథలే. చుట్టుపక్కల నాలుగు పల్లెల వలలు ఆవిడ దగ్గరికే వస్తాయట. మొగుణ్ణి ఉప్పెన పట్టుకుపోయింది. కొడుకు, కోడలు మిగిలారు. కొడుకు ఆ పూట ఇంకో మనిషితో వేటకి వెళ్ళాడు.

"మిగతా పడవలు వచ్చేసినట్టున్నాయే?" అన్నాడు బావ.

"మావోడెప్పుడూ ఆఖర్నే. పొద్దు గుంకే యేళకి వత్తాడు. ఇదివరకు తాడిచెట్ల వరస సూసుకుని, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వచ్చేవోళ్ళు. ఇప్పుడు తాళ్ళేయి? అందుకే ఈ గుడిసె ఎనకమాల, ఆ దొరల గోడ మీద నా ఎర్రచీర ముక్క కట్టాను. దానికీ ఎనకున్న ఒంటి తాడికీ వరస కలిస్తే అదే దారి. కలవకపోతే ఇసకమేటే. పగలైతే గోడే కనపడుద్ది. మసకడితే ఎరుపొక్కటే ఆనవాలు."

"గాలికి ఊడిపోదా అమ్మా?" బావ నా వైపు చూస్తూ అడిగాడు.

"నేనేసిన ముడి ఊడుద్దా?" అంది ఆవిడ నవ్వుతూ. "సముద్రం లాగినా ఊడదు."

అన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ నీళ్ళకి లేవగానే బావ నా మోకాలు తట్టాడు.

"చెప్పరా."

"చెబితే తంతారు బావా."

"తన్నించుకుందాం. నేనూ ఉన్నాగా."

"అయితే నువ్వే చెప్పు."

ఆయన కంచంలోకి చూశాడు. ఆవిడ నీళ్ళు తెచ్చింది. ఇద్దరం తాగాం.

అప్పటికి పొద్దు ఇంకా రెండు బారలుంది. ఒక్క మాట అంటే చాలు, ఆ పల్లెలో ఏ కుర్రాడైనా ఏదో ఒక ఎర్రగుడ్డ పట్టుకుని అడ్డదారిన పరిగెత్తి గోడెక్కేవాడు. అది నాకు తోచకపోలేదు. తోచినా, ఎవరికీ తెలియకుండా నేనే వెళ్ళి తిరిగి కట్టి వద్దామనుకున్నాను. సైకిలు చూసుకొస్తానని చెప్పి బయల్దేరాను. ఇసకలో సైకిలు కదల్లేదు. దిగి, టైరు ఊడదీసి చూస్తే గుడ్డ నల్లగా నలిగి చిరిగిపోయింది, ఎరుపన్నదే లేదు. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడి ఉండగానే మసకపడింది, మొగ వైపు నుంచి కేకలు వినిపించాయి. గుడ్డ మళ్ళీ టైరులోనే కుక్కేశాను.

పడవ మేటకి కొట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. మనుషులిద్దరూ ఛాతీ లోతు నీళ్ళలో నడిచి ఒడ్డుకు వచ్చారు. వల పోయింది. కొడుకు కుడి భుజం జారిపోయి చెయ్యి వేలాడుతోంది. కోడలు పట్టుకోబోతే విదిలించి తల్లి మీదికి వచ్చాడు.

"ఏదే నీ గుడ్డ? ఊళ్ళోవాళ్ళందరి వలలకీ ముడులేస్తావు, కొడుక్కి ఒక్క ముడి గట్టిగా వెయ్యలేకపోయావా?"

ఆవిడ గోడ వైపు చూసింది. ఉత్త బద్ద కనిపించింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది.

"జారినట్టుంది నాయనా," అంది. "నా ముడే జారినట్టుంది."

పల్లెంతా అక్కడే ఉంది. ఒకరిద్దరు, ముసలితనం కదా, అన్నారు. నేను పక్కనే ఉన్నాను. బావ ఉన్నాడు. అతన్ని మోసుకెళ్ళడానికి ముందు చెయ్యి వేసింది కూడా మేమే. ఆ సాయానికి ఆవిడ నాకు దణ్ణం పెట్టింది.

తెల్లవారి తిరిగొచ్చేశాం. దారిపొడవునా బావ ఒక్క గోడ దగ్గరా దిగలేదు. విడిపోయేటప్పుడు మాత్రం, "మీ అక్కయ్యకి చెప్పకు," అన్నాడు.

వేసవిలో ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. గుడిసె ముందు వల లేదు. ఆవిడ గుంజకి జేరగిలబడి ఊరికే కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి సంతోషపడింది. కొడుక్కి భుజం కుదుటపడిందట, వేటకి వెళుతున్నాడట.

"వలలు రావడం లేదా అమ్మా?"

"ఎవరిత్తారు? సొంత కొడుకు పడవ ముంచిన ముడి. ఇప్పుడందరూ అవతల పల్లెకి ఇత్తన్నారు. వాళ్ళననేదేముంది? నాకే నమ్మకం పోయింది. ముడేసి పది మాట్లు లాగి సూసుకుంటన్నా," అంది.

అప్పుడు చెప్పాను. గోడెక్కిన సంగతీ, పళ్ళతో విప్పిన సంగతీ, టైరు సంగతీ, అన్నీ. ఆవిడ తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. ఒకటే అడిగింది.

"పళ్ళతో లాగితే గాని రాలేదా?"

"రాలేదమ్మా."

ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకుని లేచి నిలబడింది.

"నాకు సెప్తే ఏం లాభం అబ్బాయా? పడవలొచ్చాక రేవులో సెప్పు. మావోడు ఇనాలి. అందరూ ఇనాలి. సాయంత్రం దాకా ఉండు, అన్నం వండుతా."

సముద్రం మీద ఒక్క పడవా కనిపించడం లేదు. అతని భుజం గుర్తొచ్చింది. అతనితో పాటు దిగబోయే పదిమందీ గుర్తొచ్చారు.

"చీకటి పడితే కృష్ణ దాటించే పడవ ఉండదమ్మా," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"అయితే బయల్దేరు నాయనా, ఆలీసమైపోద్ది," అంది.

నేను సైకిలెక్కాను.