రెండు వేళ్ల తేడా

నా కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి ఉంటుంది. పుట్టుకతోనే అంత. చిన్నప్పుడు మానుకోట దవాఖానలో చూపిస్తే, వెన్నులో కొంచెం వంపు ఉంది, ప్రాణానికేం కాదు అన్నారట. నా ప్రాణానికేం కాలేదు కానీ మా అమ్మ ప్రాణానికి మాత్రం అదే పెద్ద బెంగయింది. ఆ భుజం ఊరి కంట పడకుండా దాచడానికి ఆమె ఏళ్ల తరబడి తంటాలు పడింది.

మా వైపు దర్జీకి ఒంటి కొలతలు ఇవ్వడం తక్కువ. ఆది ఇస్తారు. అంటే, ఒంటికి సరిపోయిన పాత బట్ట ఒకటి ఇచ్చి "గిట్లనే కుట్టు" అంటే అతను దాన్ని చూసి కుడతాడు. నాకు సరిపోయిన పాత బట్ట అంటూ ఏనాడూ లేదు కాబట్టి అమ్మ అక్క డ్రెస్‌నే ఆదిగా ఇచ్చేది. అక్క ఒడ్డూ పొడుగూ నా అంతే, భుజాలు మాత్రం సమానం. ఆమె ఆదితో కుట్టింది నా కుడి భుజం మీద సంచిలా వేలాడేది. ఆ ఖాళీ నిండడానికి దర్జీ లోపల చిన్న దూది మెత్త పెట్టి కుట్టేవాడు. మాది పత్తి పండించే ఇల్లు. కేసముద్రం మార్కెట్‌కు ట్రాక్టర్‌లో పోయింది పోగా మిగిలింది నేను మోసేదాన్ని.

ఎండాకాలం ఆ మెత్త చెమటకు తడిసి చంకలోకి దిగేది. తొమ్మిదో తరగతిలో ఖోఖో ఆడుతుంటే ఊడి నేల మీద పడింది. ఒక పిల్ల దాన్ని పుల్లతో ఎత్తి, "ఏందే గిది?" అంది.

"నా భుజం," అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఏడ్చాను.

అక్క పెళ్లి కుదిరేనాటికి నేను డిగ్రీ రెండో సంవత్సరం. పెళ్లికని నాకు నెమలికంఠం రంగు గుడ్డ తెచ్చారు. అమ్మ ఎప్పటిలాగే ఆ గుడ్డతో పాటు అక్క డ్రెస్ కూడా సంచిలో పెట్టుకుని మానుకోట బయలుదేరింది. నేను సంచి లాక్కున్నాను.

"నా బట్ట నేనే కుట్టుకుంట. దూది పెట్ట."

"నీకేమన్న పిచ్చి లేసిందా? పెళ్లికి చుట్టపోళ్లంత వస్తరు. రేపు నిన్ను అడగొచ్చెటోళ్లు గూడ అండ్లనే ఉంటరు."

"ఉండనియ్యి. వాళ్లు నన్ను చేసుకుంటరా, దూదిని చేసుకుంటరా?"

అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో మిషన్ ఆమెదే, దాని మీద చీరలకు ఫాల్స్ కుట్టేది. నన్ను మిషన్ ముట్టుకోవద్దని మాత్రం అనలేదు.

ఫోన్‌లో ఏ వీడియో చూసినా మొదటి మాట ఒకటే: గుడ్డను నాలుగు మడతలు పెట్టుకోండి. మడత పెట్టి కత్తిరిస్తే రెండు వైపులా ఒకేలా వస్తాయి. నా ఒళ్లేమో రెండు వైపులా ఒకేలా లేదు. లోకంలో బట్టలన్నీ మడత పెట్టే కోస్తారని తెలిసేసరికి ఒళ్లు మండింది. అయితే నేను మడతే పెట్టను అనుకున్నాను.

అక్క నన్ను గోడకు ఆనించి నిలబెట్టి రెండు భుజాల దగ్గరా పెన్సిల్‌తో గీతలు గీసింది. పెళ్లికని అప్పుడే రంగు వేసిన గోడ. గీతల మధ్య వేళ్లు పెట్టి చూసి, "గింతేనే! రెండు వేళ్లు," అంది. ఆ రెండు వేళ్లకే ఇన్నాళ్లూ ఇంత రాద్ధాంతం.

పాత పేపర్లు అతికించి, కుడి భుజం, కుడి చంక కిందికి దించి, ముందు భాగాన్ని మడత లేకుండా ఒకే ముక్కగా గీశాను. మొదట పాత దుప్పటి మీద కోసి చూశాను. అదే కాగితాన్ని అలాగే పెట్టి వెనక ముక్కా కోశాను. తీరా జత చేస్తే ముందు ముక్కలో కుడి భుజం దిగింది, వెనక ముక్కలో ఎడమది దిగింది. తొడుక్కుంటే మెడ మెలి తిరిగిపోయింది. నేల మీద కూలబడ్డాను.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ మూడు రోజుల తర్వాత నోరు విప్పింది. "ఎనుక ముక్కకు కాయితం బోర్ల తిప్పాలె గద, తిక్కదానా," అని వంటింట్లోకి పోయింది.

పెళ్లి రోజు ఆ నెమలికంఠం డ్రెస్ తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. భుజం ఎక్కడికీ పోలేదు, కిందికే ఉంది. గుడ్డ మాత్రం వేలాడలేదు, ఎక్కడా లాగలేదు. నా ఒళ్లు నా బట్టలో హాయిగా ఉంది. చున్నీ వేసుకోకుండానే పందిట్లోకి వెళ్లాను.

మేనత్త నన్ను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, పిల్లకు చున్నీ కప్పున్రి! మొగపిల్లగానోళ్లు చూస్తున్నరు."

"చూడనియ్యి అత్తమ్మా. కష్టపడి కుట్టుకున్న, మంచిగ చూడనియ్యి."

అమ్మ సంచిలో చున్నీ ఉందని నాకు తెలుసు. ఆమె చెయ్యి సంచి మీదికి పోయింది కూడా. కానీ తియ్యలేదు. ఫొటోల్లో నేను ముందు వరసలోనే ఉన్నాను.

అక్క భూపాలపల్లిలో అత్తగారింటికి పోతూ తన బట్టలన్నీ పట్టుకుపోయింది. ఆ దసరాకు అమ్మ నాకు కొత్త గుడ్డ కొన్నది. మానుకోట పోవడానికి తయారై, సంచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నీ ఆది ఇయ్యే," అంది.

నా ఆది. ఆ మాట మా ఇంట్లో విన్నది అదే మొదటిసారి. అయినా ఇవ్వలేదు.

"దర్జీకిస్తే మల్ల మడతపెట్టి కోస్తడు. నేనే కుట్టుకుంట," అని గుడ్డ తీసుకున్నాను.

మడత లేని గుడ్డను సాఫుగా పరవాలంటే ఒక్కరి చేత కాదు. అమ్మ చెప్పులు విడిచి, వచ్చి రెండో కొస పట్టుకుంది.